సేననుండి వచ్చినవారి పరిశ్రమలకు ప్రభుత్వ సహాయము

సిపాయిగా జేరినవాడు పదునేడు, పదునెనిమిది సంవత్సరములు కొలువు చేసి యిల్లు చేరునప్పటికి తరచుగా నలువది యేండ్లు నిండవు. పింఛను వచ్చును గాని పిల్లల చదువులు, పెండ్లిండ్లు ముందున్నవి. చేతిలో కొంత రొక్క మున్నదని తెలియగానే సలహాదారులు చుట్టు మూగుదురు. మా సంఘమునకు వచ్చి యడుగువారికి మేము చెప్పునదే యిందు వ్రాయుచున్నాము.

మాజీ సైనికుల పునరావాసమునకై రక్షణశాఖ క్రింద ఢిల్లీలో నొక డైరెక్టరేటు కలదు. బొగ్గు రవాణా, పాలబూతులు మొదలగు పథకములు దానివి. మొదటిది గనులున్నచోటను, రెండవది ఢిల్లీ పరిసరములందును అక్కరకు వచ్చునే గాని మన నల్లరేగడి పల్లెలకు గాదు. మనకు పనికివచ్చునది 2008లో నారంభమైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమము. ఇది సైనికులకు మాత్రమే యేర్పడినది కాదు; కాని యిందు మాజీ సైనికులను ప్రత్యేకవర్గముగా నెంచిరి.

2022లో సవరించిన నిబంధనల ప్రకారము వస్తూత్పత్తికి 50 లక్షలు, సేవావృత్తులకు 20 లక్షల రూపాయల వ్యయమువరకు దీనిక్రిందికి వచ్చును. పల్లెలో పెట్టు పరిశ్రమకు మాజీ సైనికునికి వ్యయములో నూటికి 35 వంతులు రాయితీ; తాను పెట్టవలసినది నూటికి 5. సాధారణ వర్గమువారు పల్లెలో నూటికి 10 పెట్టి 25 పొందుదురు.

సంజామలలో నొకరు 10 లక్షల వ్యయముతో శనగపప్పు మర పెట్టదలచిరనుకొందము. వారి సొంతము 50 వేలు, బ్యాంకు ఋణము 9 లక్షల 50 వేలు, రాయితీ 3 లక్షల 50 వేలు. ఇక్కడనే పలువురు పొరబడుచున్నారు. ఈ రాయితీని చేతి కీయరు. అది బ్యాంకులో మూడేండ్లు డిపాజిటుగా నుండును. దానికి వడ్డీ రాదు. అంతమేరకు అప్పుపైనను వడ్డీ పడదు. మర సరిగా నడచుచున్నదని తనిఖీలో తేలినపిమ్మట అప్పునకు జమకట్టుదురు. నడుమ మూతపడినచో రాయితీ ప్రభుత్వమునకు మరలిపోవును, అప్పు మాత్రము తలపై నిలుచును.

కావున మొదట చూచుకొనవలసినది మర నడచునా యనునది. మన శనగ సంక్రాంతి మొదలు ఉగాదిలోపల కళ్లములకు వచ్చును. తక్కిన మాసములు మర తిరుగవలెనన్న సరకు కొని నిలువచేయుటకు రొక్కము వలయును. వ్యయపు లెక్కలో ఈ చరపెట్టుబడిని గూడ చూపవచ్చును. భూమి ఖరీదు చూపరాదు. యంత్రమునకే అంతయు వెచ్చించి, సరకు కొనుటకు నూటికి మూడు వడ్డీకి అప్పుచేసినవాని మర మూడేండ్లు నిలుచుట కష్టము.

భార్యాభర్తలలో నొకరికే యీ సహాయము. అదియు క్రొత్తగా పెట్టు పరిశ్రమకే.

2022లో నారంభమైన అగ్నిపథమున జేరినవారి సంగతి వేఱు. నాలుగేండ్ల పిమ్మట నూటికి 25 మందివరకే నిలుపుకొని తక్కినవారిని పంపివేయుట ఆరంభ నిబంధన. వారికి సేవానిధిక్రింద సుమారు 11 లక్షల 71 వేలు చెప్పబడినవే గాని, పింఛను లేదు, మాజీ సైనికుడను హోదాయు లేదు. ఆ పేర 35 వంతులు అడుగుటకు వీలుపడదు. అయినను షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులు, స్త్రీలు కూడ ఆ ప్రత్యేకవర్గమువారే. మన పల్లె బిడ్డలలో చాలమందికి ఆ దారిని హక్కు కలదు. కుల ధ్రువపత్రము సిద్ధముగా నుంచుకొనవలెను. ఇరువదియైదేండ్లు నిండని వాని చేతిలో అంత సొమ్ము పడినప్పుడు, పెద్దలు ప్రక్కన గూర్చుండి లెక్క చూచుట మేలని మా అభిప్రాయము.

మాజీ సైనికులు డిశ్చార్జి పుస్తకముతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున గుర్తింపు కార్డు పొందవలెను. దరఖాస్తు ఇంటర్నెట్టుద్వారా పెట్టవలెను. తెలియనిచో జిల్లా పరిశ్రమల కేంద్రమువారు చెప్పుదురు. ఇందులకు ప్రభుత్వము దళారులనెవ్వరిని నియమింపలేదు. రాయితీ యిప్పింతుమని రొక్క మడుగువారిని వాకిటనుండియే పంపివేయుడు.

శనగ యే మాసమున నే ధరకు పోయినదో మా సంఘపు పద్దులలో గలదు. మర పెట్టదలచినవారు దరఖాస్తునకు ముందే వచ్చి చూచుకొనవచ్చును.