పండ్లు – పిల్లల ఆరోగ్యము

మన కోయంబత్తూరు, మధుర ప్రాంతముల తెలుగు కుటుంబములలో పండ్లకు గౌరవ మెక్కువ. నిత్యాహారములో స్థానము మాత్రము తక్కువ. తాంబూలమునకు అరటిపండు, రోగిని చూడబోవునప్పుడు ఆపిలు, వేసవిలో నాలుగు దినములు మామిడి. ఇంతటితో సరి. పిల్లల టిఫిను డబ్బాలలో బిస్కత్తులే కనిపించుచున్నవి. ఖరీదైనది గావున ఆపిలే బలమైన పండని పెక్కుమంది తలంచుచున్నారు. ఇది సరియైన అభిప్రాయము కాదు.

మన మెట్టుపాళయము నుండి కొండ నెక్కినచో వచ్చు కూనూరులో 1918లో మెకారిసను అను వైద్యుడు బెరిబెరి రోగమును గూర్చి పరిశోధన ప్రారంభించెను. తరువాత ఆయన ఎలుకలకు వివిధ ప్రాంతముల భోజనములను పెట్టి పరీక్షించెను. గోధుమరొట్టె, పప్పు, పాలు, కూరలు, పండ్లు గల సిక్కుల భోజనము తినిన ఎలుకలు చక్కగా పెరిగినవి. బియ్యమే ప్రధానమైన మన దక్షిణాది భోజనము తినినవి వెనుకబడినవి. ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా పేరొందినది.

100 గ్రాముల జామపండులో ఇంచుమించు 200 మిల్లీగ్రాముల ‘సి’ విటమిను కలదు. ఆపిలులో 5 మిల్లీగ్రాముల ప్రాంతమే. అన్నము, పప్పు, ఆకుకూరలలోని ఇనుమును శరీరము సులభముగా గ్రహింపజాలదు. ఈ విటమిను తోడైనచో ఎక్కువగా గ్రహించును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత కలదు. బడియీడు పిల్లలకును ఇది తప్పినది కాదు. పది గంటలకే బల్లపై తల వాల్చు బిడ్డను సోమరి యనుటకు ముందు ఈ సంగతి నాలోచింపవలెను. జామముక్కను భోజనముతోనే పెట్టుడు. భోజనము కాగానే కాఫీ, టీ లిచ్చినచో ఆ మేలు చెడును. ఆ పానీయములు ఇనుము నడ్డగించును. రక్తహీనత ముదిరినచో మాత్రము పండ్లు చాలవు, వైద్యునికి చూపవలెను.

అట్లని జామ యొక్కటే చాలదు. మామిడి, బొప్పాయిలలోని పసుపువన్నె పదార్థము దేహములో ‘ఏ’ విటమినుగా మారి కంటికి మేలు చేయును. అరటిలో పొటాషియము కలదు. (మధురవారికి సిరుమలై కొండ అరటి దగ్గరనే లభించును, 2008లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినది.) నేరేడు, దానిమ్మలకు ఆ వన్నె నిచ్చు పదార్థములు వేరు. కావున ఋతువును బట్టి పండును మార్చుచుండవలెను. అట్లు మార్చిన ఖర్చును తగ్గును.

పండును పిండి, చక్కెర కలిపి రసముగా నిచ్చుట నాకు నచ్చదు. పీచు పోయి తీపి మిగులును. అమెరికాలో వేలమందిని ఏండ్ల తరబడి పరిశీలించి 2013లో ప్రకటించిన యొక పరిశోధనలో, ద్రాక్ష, ఆపిలు వంటి పండ్లను తినువారికి మధుమేహము తక్కువగాను, రసములు త్రాగువారికి ఎక్కువగాను కనబడినది. పోషకాహార సంస్థ 2024లో పెద్దలకు సూచించినది దినమునకు 100 గ్రాముల పండ్లే. అది ఒక నడితరపు జామపండు. ఏ యింటికిని భారము కాదు.

మరియొక మాట. మన పిల్లలు జామను ‘కొయ్యా’ యనియు, నేరేడును ‘నావల్’ అనియు, ఉసిరిని ‘నెల్లి’ యనియు చెప్పుచున్నారు. ఊరి భాష వచ్చుట మంచిదే. అయినను పండును చేతికిచ్చునప్పుడు దాని తెలుగు పేరును గూడ చెప్పుడు. సీతాఫలముతో మాత్రము ఆ చిక్కు లేదు. రెండు భాషలలోను పేరు ఇంచుమించు ఒక్కటే.