కొత్త కిడ్నీకి తొలి రోజుల కాపలా

కిడ్నీ మార్పిడి జరిగాక తిరస్కరణ ముప్పు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది మొదటి కొన్ని వారాల్లోనే. దాన్ని అడ్డుకునే మాత్రలు ఎలాగూ జీవితాంతం వేసుకోవాలి. అయితే ఆ తొలి గండం గట్టెక్కడానికి చాలామందికి మాత్రలొక్కటే చాలవు. అందుకే ఆపరేషన్ రోజునే నరం ద్వారా యాంటీబాడీ మందు ఎక్కించడం మొదలుపెడతారు. వైద్యులు దీన్ని ఇండక్షన్ చికిత్స అంటారు.

మన కణాల పైపొరపై హెచ్‌ఎల్‌ఏ అనే ప్రొటీన్లుంటాయి. అచ్చంగా ఒకేలా పుట్టిన కవలల్లో, కొందరు తోబుట్టువుల్లో తప్ప ఏ ఇద్దరిలోనూ ఇవి పూర్తిగా కలవడం చాలా అరుదు. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి అలాంటి కవలల మధ్యే జరిగింది కాబట్టి తిరస్కరణ సమస్యే రాలేదు. మిగతావారి విషయంలో దాత కణాలను చూడగానే గ్రహీత రక్తంలోని టి కణాలనే తెల్లకణాలు మేల్కొంటాయి. ఇంటర్‌ల్యూకిన్-2 అనే సంకేతం అందగానే ఒకటి పదులై, పదులు వేలై కొత్త కిడ్నీ మీద పడతాయి.

ఈ కణాలపైకి యాంటీబాడీలను పంపాలన్న ఆలోచన పాతదే. మనిషి తెల్లకణాలను గుర్రానికి ఎక్కిస్తే దాని రక్తంలో వాటికి విరుగుడుగా యాంటీబాడీలు తయారవుతాయి. వాటిని శుద్ధిచేసి 1966లో డెన్వర్‌లో థామస్ స్టార్జల్ కిడ్నీ గ్రహీతలకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు గుర్రం స్థానంలో ఎక్కువగా కుందేలు వచ్చింది. ఏటీజీగా పిలిచే ఈ మందులో ఉండేది ఒక రకం యాంటీబాడీ కాదు, అనేక రకాల కలగలుపు.

ఒకే గురి ఉన్న యాంటీబాడీని కోరినంత తయారుచేసే పద్ధతిని 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టారు. ఆ దారిలో వచ్చిన ఓకేటీ3కి 1986లో అమెరికా అనుమతి దొరికింది. మనుషుల చికిత్సకు అనుమతి పొందిన తొలి మోనోక్లోనల్ యాంటీబాడీ అదే, అదీ కిడ్నీ తిరస్కరణ కోసమే. కానీ అది పూర్తిగా ఎలుక ప్రొటీన్. మొదటి డోసుకే తీవ్రమైన జ్వరం, వణుకు, కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వంటివి కనిపించేవి. క్రమంగా అది వాడుక నుంచి తప్పుకుంది.

ఆ ఇబ్బందిని తగ్గించిన మందు బాసిలిక్సిమాబ్, 1998లో వచ్చింది. ఇందులో గురిపెట్టే కొస మాత్రమే ఎలుకది, మిగతా భాగమంతా మనిషిది. ఇది టి కణాలను చంపదు. ఇంటర్‌ల్యూకిన్-2 వచ్చి అతుక్కునే చోటును ముందే ఆక్రమిస్తుంది. సంకేతం అందక కణాలు పెరగవు. పెద్దలకు ఇచ్చేది 20 మిల్లీగ్రాముల డోసులు రెండే: ఒకటి ఆపరేషన్‌కు ముందు రెండు గంటల్లోపు, మరొకటి నాలుగో రోజున. దుష్ప్రభావాలు తక్కువ.

ఏటీజీ సంగతి వేరు. అది టి కణాలను ఏకంగా తుడిచిపెడుతుంది. ముందుగా స్టెరాయిడ్, పారాసిటమాల్, అలర్జీని అడ్డుకునే ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత మొదటి డోసును కనీసం ఆరు గంటల పాటు నెమ్మదిగా ఎక్కిస్తారు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మరీ పడిపోతున్నాయేమోనని రక్తపరీక్షలు చేస్తూ, అవసరమైతే డోసు తగ్గించడమో ఆపడమో చేస్తారు. ముప్పు ఎక్కువున్న 278 మందిపై ఈ రెండు మందులనూ పోల్చిన అధ్యయనం 2006లో వెలువడింది. ఏడాదిలో తిరస్కరణ ఏటీజీ తీసుకున్నవారిలో 15.6 శాతం, బాసిలిక్సిమాబ్ తీసుకున్నవారిలో 25.5 శాతం. ఇన్ఫెక్షన్లు మాత్రం ఏటీజీ వర్గంలోనే ఎక్కువ. కాబట్టి బలమైన మందే మంచి మందు అనుకోవడం పొరపాటు. హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసిన తోబుట్టువు కిడ్నీ ఇస్తే కొన్నిసార్లు ఇండక్షనే అక్కర్లేదు. రెండోసారి మార్పిడి చేయించుకునేవారికి, రక్తంలో ముందే ఇతరుల హెచ్‌ఎల్‌ఏకు వ్యతిరేకంగా యాంటీబాడీలున్నవారికి ఏటీజీ అవసరమవుతుంది. మన తెలుగు రాష్ట్రాల్లో అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా బ్రెయిన్ డెడ్ దాతల నుంచి వచ్చే కిడ్నీలు కొన్ని వెంటనే పనిచేయవు. అలాంటప్పుడు తిరస్కరణను అడ్డుకునే మాత్రల్లో ఒకటైనా కిడ్నీని ఇబ్బందిపెట్టే టాక్రోలిమస్‌ను కొన్ని రోజులు వాయిదా వేసే వీలు కూడా ఏటీజీ ఇస్తుంది.

ముందే ఉన్న యాంటీబాడీల విషయం మన కుటుంబాలకు బాగా దగ్గరది. కడుపులోని బిడ్డలో తండ్రి హెచ్‌ఎల్‌ఏ కూడా ఉంటుంది కనుక కొందరు తల్లుల్లో దానికి యాంటీబాడీలు పుడతాయి. ఏళ్ల తర్వాత ఆమెకు కిడ్నీ అవసరమై భర్త ఇస్తానని ముందుకొచ్చినా అవే అడ్డు తగలవచ్చు. డయాలసిస్ కాలంలో ఎక్కించిన రక్తం, పాత మార్పిడి కూడా ఇదే పని చేస్తాయి. దీన్ని పట్టేదే క్రాస్‌మ్యాచ్: దాత తెల్లకణాలపై గ్రహీత సీరం వేసి, కణాలు చనిపోతున్నాయా అని మైక్రోస్కోపులో చూస్తారు. చనిపోతే ఆ జోడీకి మామూలు పద్ధతిలో ఆపరేషన్ చేయరు. ప్లాస్మా మార్పిడితో హానికర యాంటీబాడీలను తొలగించి, వాటిని పుట్టించే బి కణాలను తగ్గించడానికి రిటక్సిమాబ్ ఇచ్చి చూస్తారు. ఇదీ యాంటీబాడీయే.

ఇండక్షన్ తర్వాత కొన్ని నెలలు ఒంట్లో రక్షణ తక్కువగా ఉంటుంది. సైటోమెగలో వైరస్ లేవకుండా వాల్‌గాన్‌సిక్లోవిర్, ఒక రకం న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ ఇస్తారు. మన దేశంలో క్షయపై ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. వదలని జ్వరం, తగ్గని దగ్గు ఉంటే మార్పిడి చేసిన వైద్యులకే చెప్పాలి. కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగితే కారణం ఇన్ఫెక్షనా, మందు ఎక్కువైందా, తిరస్కరణా అన్నది తేల్చడానికి తరచూ కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాల్సి వస్తుంది.