తరిగే ఇంధనాలు – ఉద్దానం ప్రాంతంలో శక్తి పొదుపు మార్గాలు

బొగ్గు, పెట్రోలియం, సహజవాయువు భూగర్భంలో కోట్ల సంవత్సరాలలో ఏర్పడిన నిల్వలు. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు, ఒడిశాలోని తాల్చేరు బొగ్గు సుమారు 25–30 కోట్ల సంవత్సరాల నాటి గోండ్వానా వృక్షసంపద అవశేషాలు. వాటిని తవ్వి కాల్చుతున్న వేగంతో పోల్చితే అవి తిరిగి ఏర్పడే వేగం లేనట్లే. దేశంలో ఉత్పత్తి అవుతున్న విద్యుత్తులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుండే లభిస్తోంది. ముడిచమురు అవసరాలలో 85 శాతానికి పైగా, సహజవాయువు అవసరాలలో దాదాపు సగం దిగుమతుల ద్వారా తీరుతున్నాయి.

విద్యుత్ గిరాకీ పెరిగినప్పుడు దాని భారం ఏదో ఒక నేలపై పడుతుంది. శ్రీకాకుళం జిల్లా తీరానికి ఇది అనుభవమే. సోంపేట వద్ద బీల చిత్తడి నేలల్లోను, టెక్కలికి సమీపాన కాకరాపల్లి తంపర భూముల్లోను ఒక్కొక్కటి 2,640 మెగావాట్ల సామర్థ్యం గల బొగ్గు ఆధారిత విద్యుత్ కేంద్రాలు ప్రతిపాదించబడ్డాయి. సాగునీరు, చేపలు, పశుగ్రాసం కోసం ఈ నేలలపై ఆధారపడిన ప్రజలు వాటిని వ్యతిరేకించారు. 2010 జూలై 14న సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి వద్దను జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణనష్టం సంభవించింది. వాడకంలో వృథాను తగ్గించడం కొత్త ఉత్పత్తి అవసరాన్ని తగ్గించే మార్గాలలో ఒకటి. ఈ ప్రాంతంలో అటువంటి వృథా ప్రధానంగా మూడు చోట్ల కనిపిస్తుంది: జీడి పరిశ్రమలో వేడి, సేద్యంలో నీటి తోడకం, ఎరువులలో నత్రజని.

1. జీడి పరిశ్రమలో వేడి

పలాస–కాశీబుగ్గ పట్టణాలకు జీడి పరిశ్రమ జీవనాధారం. పిక్కలను ఎండబెట్టడం, కాల్చడం లేదా ఆవిరిలో ఉడికించడం, తొక్క కొట్టి పప్పు తీయడం, పప్పును ఆరబెట్టడం, పొర తీయడం, గ్రేడింగ్ ఇందులోని దశలు. వీటిలో ఇంధనం ప్రధానంగా ఖర్చయ్యేది ఉడికించడంలోను, పప్పు ఆరబెట్టడంలోను.

80 కిలోల బస్తా పిక్కల నుండి సుమారు 20 కిలోల పప్పు లభిస్తుంది. మిగిలినదానిలో అత్యధిక భాగం తొక్కే. పిక్కల విశిష్టోష్ణం నీటిలో సగమని తీసుకుంటే, ఒక బస్తా పిక్కలను 30 నుండి 100 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడి చేయడానికి 2,800 కిలో కేలరీలు చాలు. బాయిలరు, గొట్టాలు, కుక్కర్లలో నష్టాల వలన దీనికి పది రెట్లు ఖర్చయినా 28,000 కిలో కేలరీలకు మించదు. కిలోకు 4,000 కిలో కేలరీలు ఇచ్చే 7 కిలోల తొక్క ఇందుకు సరిపోతుంది. అంటే పిక్కను ఉడికించే ఇంధనం పిక్కలోనే ఉంది. బయటి నుండి కట్టెలు గాని, బొగ్గు గాని తేవలసిన అవసరం లేదు.

అయితే పచ్చి తొక్కను నేరుగా కాల్చితే అందులోని ఫినాలిక్ నూనె వలన ఘాటైన పొగ వెలువడి కార్మికులకు, పరిసర నివాసాలకు హాని చేస్తుంది. కనుక ముందుగా తొక్క నూనెను తీసి, మిగిలిన చెక్కను తగినంత గాలి అందే మూసిన కొలిమిలో మండించడం మేలు. ఆ నూనెకు రంగులు, వార్నిష్‌లు, బ్రేక్ లైనింగుల తయారీలో మంచి గిరాకీ ఉంది. ఆవిరి గొట్టాలకు ఉష్ణనిరోధక తొడుగు వేయడం, లీకులను వెంటనే సరిచేయడం, ఆవిరి చల్లబడగా వచ్చిన వేడి నీటిని తిరిగి బాయిలరుకు మళ్ళించడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. పొగ గొట్టం ద్వారా పోయే వేడిని ఉపయోగించి బాయిలరుకు పంపే నీటి ఉష్ణోగ్రతను 6 డిగ్రీలు పెంచితే సుమారు 1 శాతం ఇంధనం ఆదా అవుతుంది.

సూర్యరశ్మి వినియోగం ఈ తీరానికి కొత్త కాదు. కిలో ఉప్పు తయారు కావాలంటే సుమారు 35 లీటర్ల సముద్రపు నీరు ఆవిరి కావాలి. ఇంధనంతో చేస్తే 20 యూనిట్లకు పైగా శక్తి పట్టే ఈ పనిని నౌపడ ఉప్పు మడులలో ఎండ, గాలి చేస్తున్నాయి. పప్పు ఆరబెట్టే దశలో కూడా గాలిని సౌర ఫలకాలతో ముందుగా వేడి చేసి, మిగిలిన వేడిని మాత్రమే కొలిమి నుండి తీసుకోవచ్చు.

2. నీటి తోడకం

ఒక హెక్టారుకు 5 సెంటీమీటర్ల తడి ఇవ్వడానికి 5 లక్షల లీటర్ల నీరు కావాలి. మొత్తం ఎత్తు 20 మీటర్లయితే సిద్ధాంతరీత్యా 27 యూనిట్లు చాలు. పంపుసెట్టు మొత్తం సామర్థ్యం 30 శాతమైతే 91 యూనిట్లు, 50 శాతమైతే 55 యూనిట్లు ఖర్చవుతాయి. ఈ 36 యూనిట్ల తేడా, యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున, ఒక్క తడికి 25 కిలోల బొగ్గుతో సమానం. సరఫరా నష్టాలను కలిపితే ఇది ఇంకా పెరుగుతుంది.

వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అందుతున్నందున ఈ ఆదా రైతు బిల్లులో కనిపించదు. సలహా ఇచ్చే శాస్త్రవేత్త ఎదుర్కొనే అసలు చిక్కు ఇదే. దీనిని యూనిట్లలో గాక గంటలలో వివరించాలి. 3.7 కిలోవాట్ల విద్యుత్తు తీసుకునే మోటారుతో పై తడి ఇవ్వడానికి మొదటి సందర్భంలో సుమారు 25 గంటలు, రెండవ సందర్భంలో 15 గంటలు పడుతుంది. రోజుకు 9 గంటల సరఫరా ఉన్నచోట ఇది దాదాపు మూడు రోజులకు, రెండు రోజుల లోపుకు మధ్య గల తేడా. ఎండిపోతున్న మడి గల రైతుకు ఆ ఒక్క రోజు విలువ వేరుగా చెప్పనవసరం లేదు.

నక్షత్ర గుర్తు గల పంపుసెట్లు, తక్కువ నిరోధం గల ఫుట్‌వాల్వు, తగిన వ్యాసం గల గొట్టాలు ఇందుకు మార్గాలు. అదే ప్రవాహాన్ని 100 మిల్లీమీటర్ల గొట్టానికి బదులు 75 మిల్లీమీటర్ల గొట్టం ద్వారా పంపితే ఘర్షణ నష్టం సుమారు నాలుగు రెట్లవుతుంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపానుకు నేలకూలిన జీడి, కొబ్బరి తోటల స్థానంలో నాటిన మొక్కలకు బిందు సేద్యం, కొబ్బరి పీచు మల్చింగు తోడైతే ఇసుక నేలల్లో నీటి అవసరమే తగ్గుతుంది. సౌర పంపుసెట్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం: ఖర్చు లేదని అవసరానికి మించి తోడితే ఇంధనం మిగిలినా భూగర్భజలం తరుగుతుంది.

3. నత్రజని

యూరియా తయారీకి ప్రధాన ముడిసరుకు సహజవాయువు. 45 కిలోల బస్తా తయారీకి సుమారు 28–30 లీటర్ల డీజిల్‌లో ఉన్నంత శక్తి ఖర్చవుతుంది. తేలిక నేలల్లో ఒకేసారి వేసిన నత్రజనిలో కొంత భాగం నీటితో పాటు అడుగుకు కొట్టుకుపోతుంది. భూసార పరీక్ష ఆధారంగా, దఫాలుగా వేయడం, జీలుగ వంటి పచ్చిరొట్టను కలియదున్నడం, వరి కోతకు ముందు పదునులో మినుము, పెసర వెదజల్లడం అనుసరించదగినవి. చివరి పద్ధతిలో దుక్కి డీజిల్ మిగలడమే గాక అపరాల వేరు బుడిపెల ద్వారా నత్రజని స్థిరీకరణ జరుగుతుంది.

ముగింపు

శక్తి పొదుపు అంటే పని మానుకోవడం కాదు, అదే పనిని తక్కువ ఇంధనంతో పూర్తి చేయడం. నైర వ్యవసాయ కళాశాల విద్యార్థులు, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు క్షేత్ర సందర్శనలలో పంటతో పాటు పంపు ఇచ్చే నీటిని, పట్టే గంటలను, బస్తా పిక్కలకు ఖర్చయ్యే ఇంధనాన్ని కూడా కొలిచి నమోదు చేయడం మొదటి మెట్టు. కొలవని వృథాను తగ్గించడం సాధ్యం కాదు. ఇక్కడ మిగిల్చిన ప్రతి యూనిట్ గనిలోని బొగ్గుతో పాటు బీల, తంపరల వంటి నేలలపై పడే ఒత్తిడిని కూడా ఆ మేరకు తగ్గిస్తుంది.