హెబియస్ కార్పస్ పిటిషన్ తిరస్కరణ – అప్పీలు అవకాశాలు

5.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
– హైకోర్టు హెబియస్ కార్పస్ పిటిషన్‌ను కొట్టివేసినప్పుడు మిగిలే మార్గాలను వివరించగలుగుతారు;
– 'శాంతిభద్రతలు', 'ప్రజాశాంతి' అనే భావనల మధ్య తేడాను గుర్తించగలుగుతారు;
– నిర్బంధ కేసుల్లో కాలానికి ఉన్న ప్రాముఖ్యాన్ని చర్చించగలుగుతారు.

5.1 ఉపోద్ఘాతం

అక్రమ నిర్బంధంలో ఉన్న వ్యక్తిని విడిపించడానికి న్యాయస్థానం జారీచేసే రిట్టే హెబియస్ కార్పస్. దీనినే బందీ ప్రత్యక్ష ఆజ్ఞ అని కూడా అంటారు. 226వ ప్రకరణ కింద హైకోర్టును గానీ, 32వ ప్రకరణ కింద సుప్రీంకోర్టును గానీ ఆశ్రయించవచ్చు. నిర్బంధితుడే రానవసరం లేదు. భార్య, తల్లిదండ్రులు, మిత్రులు ఆయన తరఫున పిటిషన్ వేయవచ్చు.

హైకోర్టు ఈ పిటిషన్‌ను కొట్టివేస్తే దారి మూసుకుపోయిందని కొందరు భావిస్తారు. సుప్రీంకోర్టులో అప్పీలు తప్పనిసరిగా విచారణకు వస్తుందని మరికొందరు అనుకొంటారు. ఈ రెండూ సరికావు. దారి ఉంది, కాని అందులో ప్రవేశించడానికి సుప్రీంకోర్టు అనుమతి కావాలి. ఆ అనుమతి, తీర్పు సకాలంలో వస్తేనే హక్కుకు విలువ ఉంటుంది. ఈ విషయాన్ని సైబరాబాద్‌కు చెందిన ఒక కేసు ద్వారా పరిశీలిద్దాం.

5.2 సైబరాబాద్ కేసు

తెలంగాణలో 'పి.డి. యాక్ట్'గా పిలిచే 1986 నాటి 1వ చట్టం తొలుత దొంగసారా వ్యాపారులు, బందిపోట్లు, గూండాలు, భూకబ్జాదారులు వంటివారిని ఉద్దేశించింది. 2018 సవరణ దాని పరిధిని విస్తరించి, ఆర్థిక నేరస్థులను కూడా చేర్చింది. మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం వంటి ఐ.టి. ప్రాంతాలున్న సైబరాబాద్ పోలీసు కమిషనరేట్‌లో ఈ సవరణ ప్రభావాన్ని ఊహించడం మీకు కష్టం కాదు.

ఆ కమిషనరేట్ పరిధిలో షేర్ మార్కెట్ పెట్టుబడులపై మంచి లాభాలు వస్తాయని నమ్మించి 50 లక్షల రూపాయలకు పైగా వసూలు చేశాడని ఒక వ్యక్తిపై అయిదు కేసులు నమోదయ్యాయి. ఆ కేసుల్లో ఆయనకు బెయిలు లభించింది. అయినప్పటికీ 2020 సెప్టెంబరు 28న నిర్బంధ ఉత్తర్వు వెలువడింది. అక్టోబరు 26 నుంచి ఆయన నిర్బంధంలో ఉన్నాడు. భార్య వేసిన రిట్ పిటిషన్‌ను హైకోర్టు 2021 మార్చి 31న కొట్టివేసింది. ఆమె సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

5.3 హైకోర్టు కాదన్న తరవాత మార్గాలు

హైకోర్టులోనే మరో అప్పీలు ఎందుకు వేయలేరని మీరు అడగవచ్చు. లెటర్స్ పేటెంట్ ప్రకారం రిట్ అప్పీలు ఏక న్యాయమూర్తి తీర్పుపైనే ఉంటుంది. తెలంగాణ హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్లను ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం విచారిస్తుంది. కనుక తరవాతి మెట్టు సుప్రీంకోర్టే. అక్కడికి మూడు మార్గాలున్నాయి.

(అ) 132వ ప్రకరణ: రాజ్యాంగ వ్యాఖ్యానానికి సంబంధించిన ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఇమిడి ఉందని 134-ఎ ప్రకరణ కింద హైకోర్టు ధ్రువపత్రం ఇస్తే అప్పీలు చేయవచ్చు.

(ఆ) 136వ ప్రకరణ: ప్రత్యేక అనుమతి పిటిషన్ వేయవచ్చు. సాధారణంగా హైకోర్టు తీర్పు తేదీ నుంచి 90 రోజుల గడువు ఉంటుంది. అనుమతి ఇవ్వడం సుప్రీంకోర్టు విచక్షణ. అనుమతి లభించిన తరవాతనే అది అప్పీలుగా మారుతుంది.

(ఇ) 32వ ప్రకరణ: ఒకసారి తీర్పు వచ్చిన వివాదాన్ని తిరిగి లేవనెత్తరాదన్న సాధారణ సూత్రం వ్యక్తి స్వేచ్ఛ విషయంలో అంత కఠినంగా వర్తించదు. హైకోర్టు తిరస్కరించినా సుప్రీంకోర్టులో నేరుగా రిట్ పిటిషన్ వేయడానికి అది అడ్డంకి కాదు.

ఈ భాగంలో మనం చర్చించే తెలంగాణ కేసులు 136వ ప్రకరణ మార్గంలో వెళ్ళినవే. ఈ మార్గం ప్రభుత్వానికి కూడా తెరిచే ఉంటుందని గుర్తుంచుకోండి. అత్యవసర పరిస్థితి కాలంలో పలు హైకోర్టులు నిర్బంధితులకు అనుకూలంగా తీర్పులివ్వగా, ప్రభుత్వాలే అప్పీలు చేశాయి. 1976 నాటి ఎ.డి.ఎం. జబల్పూర్ తీర్పు ఆ విధంగా వచ్చినదే. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో తోసిపుచ్చింది.

5.4 సుప్రీంకోర్టు నిర్ణయం

సైబరాబాద్ కేసులో జస్టిస్ రోహింటన్ నారిమన్, జస్టిస్ హృషీకేశ్ రాయ్ ధర్మాసనం 2021 ఆగస్టు 2న తీర్పు ఇచ్చింది (2021, 9 ఎస్.సి.సి. 415). నిందితుడు బెయిలుపై బయట ఉంటే మళ్ళీ మోసం చేస్తాడన్న భయమే ఉత్తర్వుకు ఆధారమని గుర్తించింది. ఆ భయం ఉంటే బెయిలు రద్దు కోరవచ్చు, బెయిలుపై అప్పీలు చేయవచ్చు; అది నివారక నిర్బంధానికి మాత్రం చాలదని స్పష్టం చేసింది.

దీని వెనక ఉన్న సూత్రం 1965 నాటి రామ్ మనోహర్ లోహియా కేసులోది. జస్టిస్ హిదయతుల్లా ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు వృత్తాలను ఊహించమన్నారు. పెద్ద వృత్తం శాంతిభద్రతలు, దాని లోపలిది ప్రజాశాంతి, అన్నింటికన్నా లోపలిది రాజ్య భద్రత. చట్టాన్ని ఉల్లంఘించే ప్రతి పనీ పెద్ద వృత్తంలోకి వస్తుంది. సమాజ జీవనాన్నే కలవరపరిస్తే తప్ప రెండో వృత్తంలోకి రాదు. కొందరు మదుపరులు మోసపోవడం తీవ్రమైన నేరమే. దానికి మార్గం విచారణ, శిక్ష.

నిర్బంధ ఉత్తర్వు రద్దయింది. సమస్య మాత్రం అంతటితో ఆగలేదు. 2022 ఏప్రిల్ 4న మరో తెలంగాణ కేసులో తీర్పు చెబుతూ, అంతకుముందు అయిదేళ్ళలో ఈ చట్టం కింద అయిదుకు పైగా నిర్బంధ ఉత్తర్వులను తాను రద్దు చేసినట్లు సుప్రీంకోర్టు పేర్కొంది.

5.5 కాలం – న్యాయ సహాయం

ఇప్పుడు తేదీలను లెక్కించండి. హైకోర్టు తిరస్కరణ నుంచి సుప్రీంకోర్టు తీర్పు వరకు నాలుగు నెలలు పట్టింది. మొత్తం నిర్బంధం తొమ్మిది నెలలు దాటింది. ఈ చట్టం కింద గరిష్ఠ నిర్బంధ కాలం 12 నెలలు. అంటే అప్పీలు గెలిచిన నాటికే నిర్బంధంలో మూడు వంతులు గడిచిపోయింది. హైదరాబాద్ పోలీసు కమిషనర్ ఉత్తర్వుకు సంబంధించిన మరో కేసులో హైకోర్టు 2023 జూన్ 28న పిటిషన్‌ను కొట్టివేయగా, సెప్టెంబరు 4న సుప్రీంకోర్టు నిర్బంధాన్ని రద్దు చేసింది. ఇక్కడ పట్టిన కాలం 68 రోజులు.

అందువల్ల తీర్పు నకలును వెంటనే పొందడం, గడువు చివరిరోజు వరకు ఆగకుండా పిటిషన్ వేయడం, త్వరిత విచారణ కోరడం ముఖ్యం. న్యాయవాదిని పెట్టుకొనే స్తోమత లేదని వెనకడుగు వేయనవసరం లేదు. 1987 న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.

5.6 సారాంశం

హైకోర్టు తిరస్కరణ తుది మాట కాదు. సుప్రీంకోర్టుకు 132, 136, 32 ప్రకరణల మార్గాలున్నాయి. 136వ ప్రకరణ కింద అనుమతి న్యాయస్థాన విచక్షణ. నిర్బంధ కాలం పరిమితం కాబట్టి, ఆలస్యంగా వచ్చిన విడుదల పోయిన రోజులను తిరిగి ఇవ్వలేదు.

5.7 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ప్రత్యేక అనుమతి పిటిషన్‌కూ అప్పీలుకూ తేడా ఏమిటి?
2. బెయిలుపై ఉన్న వ్యక్తి మళ్ళీ నేరం చేయవచ్చన్న భయం నివారక నిర్బంధానికి ఎందుకు సరిపోదు?
3. మీ ప్రాంతంలో ఒకరిని పి.డి. యాక్ట్ కింద నిర్బంధించారు. హైకోర్టులో పిటిషన్ వీగిపోయింది. ఆ కుటుంబానికి మీరిచ్చే సలహాను పది వాక్యాలలో రాయండి.