కొలత ఒక్కచోటే ఉంటే కోడ్‌కు మేలు

అమెరికా చిప్ కంపెనీల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ రంగంలో బయటికి కనిపించని ఓ పని గురించి ఈ ముచ్చట. గ్రాఫిక్స్ డ్రైవర్ అంటే కంప్యూటర్‌కీ, తెరపై బొమ్మ వేసే చిప్‌కీ మధ్య దుబాసీ. చిప్‌లోని రిజిస్టర్‌ను 32 బిట్ల వరుస అనుకోండి. అందులో ఒక్కో పనికి కేటాయించిన ముక్కే 'ఫీల్డ్'.

ఇంటెల్ చిప్‌లకు లినక్స్‌లో ఉన్న ఐ915 డ్రైవర్‌లో ఈ వివరాన్ని చాలాచోట్ల రెండుసార్లు రాసేవారు. ఫీల్డ్ ఎక్కడ మొదలవుతుందో 'షిఫ్ట్' చెబితే, ఏయే బిట్లు దానివో 'మాస్క్' చెప్పేది. ఒకటి మార్చి రెండోది మరిచారా, అంతే! కంపైలర్ నోరు మెదపదు. విలువ పక్క ఫీల్డ్‌లోకి జారితే తెర మిణుకుమనొచ్చు, అసలు వెలగకనే పోవచ్చు.

2019లో ఈ డ్రైవర్‌కు కొత్త మాక్రోలు వచ్చాయి. మాన్యువల్‌లో 15:8 అని ఉంటే కోడ్‌లోనూ 15, 8 అనే రాస్తారు. షిఫ్ట్ దాన్నుంచే వస్తుంది. ఫీల్డ్‌లో పట్టని స్థిర విలువ ఇస్తే కోడ్ కంపైలే కాదు.

ఇలా సర్దితే కొత్త హంగులేవీ రావు. కానీ రేపు ఆ కోడ్ ముట్టుకునేవారికి తప్పు చేసే దారి ఒకటి మూసుకుపోతుంది. అది చిన్న మేలేం కాదు కదా!