కెమెరా కొనేముందు బీరువా తెరవండి

మొన్న క్యాంటీన్లో ఒక స్నేహితురాలు అడిగింది: "మీ నాయన ఫోటోగ్రాఫర్ కదా, ఏ కెమెరా మంచిదో చెప్పవే!" ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. అదే ప్రశ్న మా ఇంట్లో మూడు నెలలు నలిగింది మరి. అప్పుడు నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మా నాయనకు పట్టాభిరామ్‌లో చిన్న స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలతో కరెంటు బిల్లు కడతాం. ఇల్లు నడిచేది మాత్రం పెళ్ళిళ్ళ మీదే. ఆవడి మొదలు తిరుత్తణి దాకా వెళ్తారు. ఆయన వాడేది నికాన్ డీ750, 2014లో వచ్చిన మోడల్. ఫోటోలకు ఈనాటికీ లోటు లేదు. కానీ ఇప్పుడు పెళ్ళివారు వీడియో కూడా కావాలంటున్నారు. రెండో కెమెరా కొనక తప్పలేదు. చేతిలో ఉన్నది చీటీ ఎత్తిన డబ్బు. పొరపాటున తప్పు కెమెరా కొంటే దిద్దుకోవడానికి మళ్ళీ డబ్బు లేదు.

కెమెరా ఒక్కటే రాదు

ఫోన్ కొంటే ఫోన్ ఒక్కటే వస్తుంది. లెన్సు మార్చే కెమెరా అలా కాదు. బాడీకీ లెన్సుకీ మధ్య ఒక లోహపు ఉంగరం ఉంటుంది, దాన్ని మౌంట్ అంటారు. ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. నికాన్‌ది 1959 నుంచీ ఎఫ్ మౌంట్, కానన్‌ది 1987 నుంచి ఈఎఫ్ మౌంట్. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకోసం సోనీ 2010లో ఈ మౌంట్, ఫ్యూజీఫిల్మ్ 2012లో ఎక్స్ మౌంట్ తెచ్చాయి. 2018లో నికాన్ జెడ్ మౌంట్, కానన్ ఆర్ఎఫ్ మౌంట్ వచ్చాయి. బాడీ నాలుగైదేళ్ళకు పాతబడుతుంది. లెన్సు ఇరవై ఏళ్ళయినా పనిచేస్తుంది. అంటే మనం ఎంచుకునేది కెమెరాను కాదు, మౌంటును. ఒకసారి ఆ ఇంట్లో కాలుపెడితే బయటికి రావడం ఖర్చుతో కూడిన పని.

పాత లెన్సు కొత్త బాడీకి ఎందుకు పడుతుంది?

పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సు వెనక ఒక అద్దం ఉంటుంది. అది పైకీ కిందికీ కదలడానికి చోటు కావాలి. అందుకే నికాన్ ఎఫ్‌లో మౌంట్ నుంచి సెన్సర్‌కు దూరం 46.5 మిల్లీమీటర్లు. మిర్రర్‌లెస్‌లో అద్దమే లేదు కాబట్టి జెడ్‌లో ఆ దూరం 16 మిల్లీమీటర్లే. తేడా 30.5. అంత మందం ఉన్న అడాప్టర్ మధ్యలో పెడితే పాత లెన్సు తన పాత దూరంలోనే నిలబడుతుంది. తిరగేసి కొత్త లెన్సును పాత బాడీకి పెట్టలేం. అది సెన్సర్‌కు అంత దగ్గరగా చేరే దారే లేదు.

ఇది చదివి నేను ఎగిరి గంతేశాను. నాయన దగ్గర నాలుగు లెన్సులున్నాయి, నాలుగూ పనికొస్తాయనుకున్నాను. తర్వాత తెలిసింది అసలు సంగతి. 24-70, 50 లెన్సుల్లో ఫోకస్ తిప్పే మోటర్ లెన్సులోనే ఉంది. వాటిని ఏఎఫ్-ఎస్ రకం అంటారు. 85, 80-200 పాత డీ రకం. వాటికి సొంత మోటర్ లేదు, బాడీలోని మోటరే ఒక చిన్న స్క్రూతో తిప్పాలి. డీ750లో ఆ మోటర్ ఉంది. నికాన్ జెడ్ బాడీలోనూ లేదు, నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్లోనూ లేదు. లెన్సు బిగుస్తుంది, వెలుతురు లెక్క చూస్తుంది, కానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి.

"లెన్సు బాగుండాది, మోటరే లేదంటే ఎట్లమ్మా?" అన్నారు నాయన. 85 ఆయన సొంత డబ్బుతో కొన్న మొదటి లెన్సు.

లెక్కలు, మండపం

మూడు దారులు కనిపించాయి. ఒకటి, అన్నీ అమ్మి సోనీకి మారడం. ఆ మౌంటుకు సిగ్మా, టామ్రాన్ లెన్సులు కూడా బోలెడు. పైగా మా పక్క ఫోటోగ్రాఫర్లలో చాలామందిది అదే, అవసరానికి ఒకరి లెన్సు ఒకరు వాడుకోవచ్చు. కానీ పాత లెన్సులకు వచ్చే ధర చూస్తే కడుపు తరుక్కుపోయింది. రెండు, ఫ్యూజీ. తేలికైనది, కానీ సెన్సర్ చిన్నది. 36×24 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమ్ బదులు సుమారు 24×16. దానిమీద 50 లెన్సు 75లా దగ్గరగా చూపిస్తుంది. ఇరుకు మండపంలో వెనక్కి జరగడానికి గోడ అడ్డం. మూడు, నికాన్ జెడ్, దానికి అడాప్టర్.

కొనేముందు జెడ్ బాడీని చెన్నైలో రెండురోజులకు అద్దెకు తెచ్చి తిరుత్తణి పెళ్ళికి తీసుకెళ్ళాం. నేనూ వెళ్ళాను. 24-70 హాయిగా పనిచేసింది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు 85 వేసి చేత్తో తిప్పితే ఫోకస్ కుదిరింది, అక్కడ మనుషులు కదలరు కదా. తలంబ్రాల దగ్గర మాత్రం కుదరలేదు. పన్నెండు ఫోటోల్లో మూడే నిక్కచ్చిగా వచ్చాయి. పాత బాడీతో నాయన తీసినవి ఉండబట్టి సరిపోయింది. తలంబ్రాలు ఇంకోసారి పోసుకోండని ఎవరినీ అడగలేం!

దాంతో నిర్ణయం తేలిపోయింది. జెడ్ బాడీ కొన్నాం, వీడియోకు, దగ్గరి ఫోటోలకు ఏఎఫ్-ఎస్ లెన్సులు రెండూ దానికి. డీ లెన్సులు రెండూ డీ750 మీదే ఉంటాయి. అమ్మింది ఏమీ లేదు. ఇక కొత్తగా కొనే లెన్సు మాత్రం జెడ్ మౌంటుదే, ఎందుకంటే 2020 తర్వాత నికాన్, కానన్ కొత్త డీఎస్ఎల్ఆర్ బాడీలు తేలేదు.

మనవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. ప్రాజెక్టుకోసం పుస్తకం పేజీలు తీయడానికైతే ఫోన్, కిటికీ పక్క వెలుతురు చాలు. నిజంగా కెమెరా కొంటుంటే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇంట్లో, చుట్టాల దగ్గర ఏ లెన్సులున్నాయి? వాటిలో మోటర్ ఉందా? నేను తీసేవి కదిలేవా, కదలనివా? వీలైతే ఒకరోజు అద్దెకు తెచ్చి చూడండి.

క్లాసులో మనం లెన్సును కటకం అని చదువుకున్నాం. నాయనకు ఆ మాట చెబితే నవ్వారు. "పేరేదైనా కానీమ్మా, తలంబ్రాలప్పుడు దొరకాల, అంతే" అన్నారు.