తెలియదంటే చెల్లదు

ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2010 అక్టోబరు 12న జనం ఊగిపోయారు. కామన్వెల్త్ క్రీడల్లో మహిళల రిలే పరుగు అది. తలా నాలుగు వందల మీటర్లు పరిగెత్తి, చేతిలోని కర్రను తర్వాతి వారికి అందించాలి. మన్‌జీత్ కౌర్, సినీ జోస్, అశ్వినీ అక్కుంజి, మన్‌దీప్ కౌర్ భారత జట్టు. మూడో మనిషిగా కర్ర అందుకున్న అశ్విని నైజీరియా పిల్లను దాటేసింది. బంగారు పతకం మనదైంది. 1958లో మిల్ఖా సింగ్ కార్డిఫ్‌లో గెలిచాక, ఆ క్రీడల పరుగు పందేల్లో మనకు మళ్లీ పసిడి దక్కింది అప్పుడే. మరుసటి నెలలో చైనాలోని గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లోనూ ఈ జట్టుదే గెలుపు. అశ్విని హర్డిల్స్‌లో కూడా స్వర్ణం తెచ్చింది. కర్ణాటకలోని ఉడుపి జిల్లా పల్లెటూరి రైతు బిడ్డ ఆమె.

ఏడాది తిరగలేదు. 2011 జూన్ నెలాఖరు, జూలై మొదటి వారాల్లో వరసగా పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఆ నలుగురిలో ముగ్గురు, వారితో శిక్షణ పొందుతున్న మరో ముగ్గురు పరుగు క్రీడాకారిణుల మూత్రంలో నిషిద్ధ స్టెరాయిడ్లు బయటపడ్డాయి. నిన్న పూలదండలు వేసిన చేతులే వేళ్లు చూపించాయి.

చైనా నుంచి తెచ్చిన డబ్బా

తమకు తెలిసి ఏమీ తీసుకోలేదని అమ్మాయిలు మొదటి నుంచీ చెప్పారు. ఉక్రెయిన్ నుంచి వచ్చిన కోచ్ యూరీ ఒగొరోద్నిక్ చైనాలో కొని తెచ్చిన జిన్‌సెంగ్ అనే వేరు మందు వాడామని, కోచ్ ఇచ్చింది మింగడమే తమకు తెలిసిన పని అని వారి వాదన. ప్రభుత్వం కోచ్‌ను తొలగించింది. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ విచారణ సంఘం 2011 డిసెంబరులో ఏడాది నిషేధం వేసింది. అంతటితో అయిపోలేదు. కేసు స్విట్జర్లాండులోని క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2012 జూలైలో ఆ శిక్ష రెండేళ్లయింది. అదే నెలలో లండన్ ఒలింపిక్స్ మొదలయ్యాయి.

ఈ నిబంధన మన రైతులకు వింతగా తోచవచ్చు. నకిలీ విత్తనం అంటగడితే, రసీదు చూపి పరిహారం అడిగే దారి రైతుకు ఉంది. పరుగు మనిషికి ఆ దారి లేదు. ఒంట్లో మందు దొరికిందంటే, అది ఎవరు ఇచ్చినా ఎలా చేరినా మొదటి బాధ్యత ఆ మనిషిదే. తెలియదని రుజువు చేసుకుంటే శిక్ష తగ్గవచ్చు గానీ, తప్పు తప్పే. నమ్మి మింగిన ఇరవయ్యేళ్ల పిల్లకూ, కావాలని పొడిపించుకున్నవాడికీ మొదటి చీటీ ఒకేలా రావడం కొంత కఠినమే. అయితే ఈ పట్టు సడలిస్తే ప్రతివాడూ ‘నాకు తెలియదు’ అనే అంటాడు గదా.

పరీక్ష చేసే తీరు కూడా తెలుసుకోదగ్గది. అధికారి కళ్ల ముందే మూత్రం పట్టి, రెండు సీసాల్లో పోసి ముద్ర వేస్తారు. మొదటి సీసాలో మందు తేలితే, క్రీడాకారుడు కోరినప్పుడు రెండోది విప్పుతారు. సీసాల మీద పేరుండదు, అంకెలే.

ఆడపిల్లకు మీసాలు

స్టెరాయిడ్లు మగతనపు హార్మోనును పోలిన మందులు. కండ త్వరగా పెరుగుతుంది, అలసిన ఒళ్లు తొందరగా తేరుకుంటుంది. అందుకే ఆశ. కెనడా పరుగు వీరుడు బెన్ జాన్సన్ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో వంద మీటర్లు 9.79 సెకన్లలో దూసుకుపోయి, మూడో రోజుకే పతకం పోగొట్టుకున్నది స్టానొజొలాల్ అనే స్టెరాయిడ్ వల్లనే. ఒంటికి చేసే చేటు పతకం పోవడం కన్నా పెద్దది. కాలేయం దెబ్బతింటుంది, గుండెకు ముప్పు. ఆడవారికి గొంతు మొరటు తేలుతుంది, మీసాలు గడ్డాలు వస్తాయి, నెలసరి తప్పుతుంది. గొంతు మారితే మందు మానినా తిరిగి రాకపోవచ్చు. మగవారిలో వీర్యకణాలు తగ్గి సంతానానికి అడ్డు వస్తుంది. ఎదిగే వయసు పిల్లలకైతే ఎముకల చివరలు ముందుగానే మూసుకుపోయి ఎత్తు ఆగిపోతుంది.

పోలీసు, సైన్యం ఎంపికల కోసం తెల్లవారుజామున చెరువు గట్ల మీద పరిగెత్తే కుర్రాళ్లు ఊరూరా ఉన్నారు. కండ పెంచే పొడి, బలం సూది అంటూ ఎవరైనా చేతిలో పెడితే డబ్బా మీద రాసింది చదివేవారు తక్కువ. చదివినా లాభం అంతంతే. లోపల కలిపినవన్నీ పైన రాయరు. జలుబుకు వేసుకునే కొన్ని మాత్రల్లో కూడా నిషిద్ధ పదార్థాలు ఉంటాయి. కాబట్టి పోటీలకు వెళ్లేవారు తాము ఆటగాళ్లమని డాక్టరుకు ముందే చెప్పడం అవసరం. జబ్బుకు ఆ మందే తప్పనిసరైతే, కాగితాలు పెట్టి ముందుగా అనుమతి తెచ్చుకునే వీలు ఉంది.

ప్రపంచ సంస్థ లెక్కల ప్రకారం 2023లో మన దేశంలో 5,606 నమూనాలు పరీక్షిస్తే 213 పట్టుబడ్డాయి. పట్టుబడనివారి లెక్క ఎవరి దగ్గరా లేదు.

ఆ సంఖ్య వెనుక సంగతి కొంత 2023 సెప్టెంబరులో కళ్ల ముందే కనిపించింది. అదే ఢిల్లీ, అదే నెహ్రూ స్టేడియం. ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలు జరుగుతున్నాయి. స్నానాల గదిలో వాడేసిన సిరంజీలు దొరికాయి. డోపింగ్ అధికారులు వచ్చారన్న కబురు పొక్కింది. జూనియర్ల పరుగులో ఒక అమ్మాయి గీత దాటాక కూడా ఆగక పరిగెత్తుతూనే ఉంటే, సీసాతో అధికారి వెంటపడాల్సి వచ్చిందని పత్రికల్లో వచ్చింది. పురుషుల వంద మీటర్ల చివరి పందెంలో ఎనిమిది మంది నిలబడాలి. కండరాలు పట్టేశాయని, ఒంట్లో బాగాలేదని ఏడుగురు రాలేదు. తుపాకీ పేలింది. గీతల మధ్య ఒక్క కుర్రాడు ఒంటరిగా పరిగెత్తాడు.